సముద్రం ఒడ్డున బొడ్రాయి

ఆ రాయి మా నానమ్మ మాట విన్నది. మా ఇంట్లో అందరూ వినలేదనే అనుకున్నారు. ఏళ్ల తరబడి దాని మీద నవ్వుకున్నారు కూడా. విన్నదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నా అందులోనూ రాయలేదు. ఎవరైనా చదువుతారన్న భయం కాదు. చెప్పొద్దని నాతో అన్న మనిషి ఉండగా కాగితానికి చెప్పినా చెప్పినట్టేనని అనిపించేది.

తెల్లాపూర్‌లో నేను పాఠం చెప్పడానికి వెళ్లే అపార్ట్‌మెంట్లకు కోట గుమ్మంలాంటి గేటు కట్టారు. పైన పళ్లు పళ్లుగా బురుజు, రెండు పక్కలా రెండు ఫిరంగులు. ఫిరంగులు ఇనుమువి కావు, వేలితో కొడితే డబ్బాలాగా మోగుతాయి. లోపల చాలా ఎత్తున ఉన్న ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతాను. మొన్న దసరాకు గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్లు తమ టార్చిలైట్లకు, కార్లను ఆపే అడ్డకర్రకు పసుపు కుంకుమలు పెట్టి, మిగిలింది ఆ ఫిరంగులకు కూడా పెట్టారు. ఒకదాని మూతిలో నిమ్మకాయ.

"ఏం మేడం, గట్లనే నిలవడ్డరు?" అన్నాడు గార్డు.

"ఏం లేదన్నా" అన్నాను. నాకు అడిగిన వెంటనే మాట రాదు. లిఫ్టులో పైకి పోతుంటే నా వేలికి అంటిన పసుపు వాసన చూసుకున్నాను. పసుపుతో పాటు ఎండు చేపల వాసన, ఉప్పు గాలి కూడా వచ్చినట్టు అనిపించింది. ఆ రోజు పిల్లలకు ఏం చెప్పానో నాకే తెలియదు.

మాది లక్డారం. ఊరి వెనక రాళ్లు కొట్టే క్రషర్లు, ముందు జొన్న చేలు, చేలు దాటితే రోడ్డు, రోడ్డు పట్టుకొని పోతే పటాన్‌చెరు ఫ్యాక్టరీలు. నా చిన్నప్పుడు సాయంత్రం గాలి మళ్లితే ఒక వాసన వచ్చేది. మాగిపోయిన పండు, కొత్తగా వేసిన రంగు, మందుల షాపు, మూడూ కలిపినట్టు ఉండేది. ఈ రోజు ఎక్కడ ఏం ఉడుకుతోందో వాసన పట్టి పిల్లలం పందేలు వేసుకునేవాళ్లం. గెలిచినవాళ్లకు చింతపండు ఉండ. ఆ వాసన చెడ్డదని నాకు చాలా కాలం తెలియదు. ఎందుకంటే అది మా నాయిన వాసన. ఆయన చొక్కాలో, తువ్వాలలో, ఖాళీ టిఫిన్ డబ్బా మూత తీస్తే అందులో కూడా అదే.

నాయిన మందులు ఉడికించే ఫ్యాక్టరీలో రియాక్టర్ల దగ్గర పనిచేసేవాడు. ఆయన వస్తున్న సంగతి మాకు దగ్గుతో తెలిసేది. బస్సు దిగి సందు మలుపులో ఒకసారి, కరెంటు స్తంభం దగ్గర ఆగి ఒకసారి, ఇంటి మెట్ల మీద ఊపిరి అందక ఇంకోసారి. మలుపులో దగ్గు వినగానే నానమ్మ పెనం మీద రొట్టె వేసేది. ఆయన కాళ్లు కడుక్కొని కూర్చునేసరికి రొట్టె పొంగి ఉండేది.

"అందరి మొగోళ్లు హారన్ కొట్టుకుంట వస్తరు. మీ నాయినకు ఆ ఖర్చు లేదు" అని అమ్మ నవ్వేది.

నానమ్మ నవ్వేది కాదు. పొట్టి మనిషి. ముంజేతుల నిండా పచ్చబొట్లు. నడుముకు ఎప్పుడూ ఒక బట్టసంచి వేలాడేది. అందులో వక్కలు, సున్నం, చిన్న రేకు డబ్బాలో పసుపు, ఇంకో డబ్బాలో కుంకుమ. కొడుకు దగ్గుకు మిరియాలు నూరేది, ఎల్లిపాయలు వేసి పాలు కాచేది, పక్కింటి ఖాలాను అడిగి దర్గా నుంచి తాయెత్తు తెప్పించేది. తాయెత్తు కట్టుకున్న రోజు కూడా నాయిన మెట్ల మీద ఆగేవాడు. ఆమె తలుపు పట్టుకొని, ఆ దగ్గు ఆగేదాకా తనూ ఊపిరి బిగబట్టి నిలబడేది.

ఆ రోజుల్లోనే మా ఊళ్లో బొడ్రాయి పండుగ చేశారు. ఊరి నడుమ భూమిలో పాతిన రాయి అది, ఊరికి బొడ్డులాంటిది. ఎన్నో ఏళ్లకొకసారి దాన్ని మళ్లీ నిలబెడతారు. ఆ సాయంత్రం డప్పులతో పొలిమేర చుట్టూ తిరిగి పొలి బియ్యం చల్లుతారు. చల్లడం అయిపోతే ఊరికి కట్టు పడినట్టు. మర్నాడు తెల్లవారేదాకా లోపలివాళ్లు బయటకు పోవద్దు, బయటివాళ్లు లోపలికి రావద్దు. ఊళ్లో పుట్టిన ప్రతి ప్రాణీ ఆ పూట లోపలే ఉండాలి. అందుకే ఎక్కడెక్కడికో పెళ్లై పోయిన ఆడపిల్లలు కూడా పిల్లల్ని చంకనేసుకొని వచ్చారు. మా ఇంట్లో అరుగంతా మేనత్తల సంచులే. నానమ్మ రొట్టెలు, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసింది. నేను ఒకటి దొంగతనంగా తిని, గిన్నెలో లోటు కనబడకుండా మిగతావాటిని వెడల్పుగా సర్ది పెట్టాను.

అందరూ వచ్చారు, నాయిన తప్ప.

ఆయన షిఫ్టు మధ్యాహ్నమే అయిపోవాలి. కాని ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే తప్ప రియాక్టర్ వదిలి కదలకూడదు. ఆ రోజు ఆ మనిషి రాలేదు. నాయిన ఊరి కల్వర్టు దగ్గరికి చేరేసరికి డప్పులు అటు దాటిపోయాయి. బియ్యం గింజలు రోడ్డు మీద అడ్డంగా పడి ఉన్నాయి. అటువైపు నాయిన, ఇటువైపు మేము.

"జెరంత సేపే అయింది కట్టు పడి" అన్నాడు కాపలా ఉన్న పెద్దమనిషి.

"మా ఇల్లు కనవడుతనే ఉన్నది కాకా."

"కనవడుతది. సూసుకో. తెల్లారినంక రా. ఇప్పుడు అడుగు పెడితే ఊరికే కీడు."

నానమ్మ గిన్నె పట్టుకొని గింజల అంచుదాకా పోయి ఆగింది. "ఏందిరా, ఆ ఫ్యాక్టరీ నీకు అవ్వ అయిందా?"

"రియాక్టర్ ఇడిసిపెట్టి ఎట్ల రావాల్నే అమ్మా? పేలితే?"

"తిన్నవా?"

"తింటలే."

గిన్నె అటు ఇవ్వడానికి లేదు. చేయి కూడా కట్టు దాటకూడదు. తర్వాత నాయిన దగ్గుతూ, రోడ్డు పక్కన ఆగి ఆగి, పటాన్‌చెరులో తన షిఫ్టు దోస్తు ఇంటికి వెనక్కి పోయాడు. ఆయన కనిపించకుండా పోయాక కూడా దగ్గు కొంతసేపు వినిపించింది.

ఆ వానాకాలం దాటకముందే ఆయన పనిచేసే యూనిట్ మూసేశారు. పని కావాలన్నవాళ్లను పడమటి సముద్రం ఒడ్డున, వేరే రాష్ట్రం అవతల ఉన్న ఇంకో యూనిట్‌కు పంపారు. అక్కడ మందులు ఉడికించరు, తయారైన మాత్రలను అట్టపెట్టెల్లో సర్దుతారు. ఆరు నెలలని చెప్పి నాయిన పోయాడు. ఏడాది దాటింది. ఫోన్‌లో అడిగితే "వస్త, వస్త" అనేవాడు.

నానమ్మకు మాత్రం కారణం దొరికింది. "కట్టు బయట పడ్డడు. ఊరు వాన్ని ఇడిసిపెట్టింది. మనం పోయి తోల్కొస్తే తప్ప రాడు" అని తేల్చేసింది. వేసవి సెలవులు ఇవ్వగానే అమ్మను, నన్ను బయల్దేరదీసింది. పోయే పొద్దున బొడ్రాయి దగ్గరికి వెళ్లి, దాని కింది మట్టి పిడికెడు తీసి కొంగున ముడి వేసుకుంది. కొడుకు నొసట ఆ మట్టి పెడితే ఊరు మళ్లీ పట్టుకుంటుందట. ఆమె అనుకున్నది అంతే, కొడుకును ఇంటికి తెచ్చుకోవడం.

లింగంపల్లిలో రైలెక్కాం. నానమ్మ మూటలో జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం, పులిహోర, సీసాలో ఇంటి నీళ్లు. మా ఎదురుగా ఉన్నవాళ్లు పొట్లాల్లో కొనుక్కున్నది తింటుంటే ఆమె జాలిగా చూసి, వాళ్లలో ఒక పెద్దాయనకు రొట్టె మీద కారం రాసి ఇచ్చింది. ఆ పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాళ్ల ఊరు గుర్తొచ్చి ఏడుస్తున్నడు" అంది నానమ్మ. "కారం గుర్తొచ్చి అత్తా" అంది అమ్మ. నేను తెచ్చుకున్న కథల పుస్తకం మొదటి పగలే అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివాను. కొంగు ముడి మీద నుంచి నానమ్మ చెయ్యి నిద్రలో కూడా తియ్యలేదు.

మధ్యలో ఒకచోట రైలు మారి, మర్నాడు దిగాం. నాయిన స్టేషన్‌కు వచ్చాడు. కొంచెం నల్లబడ్డాడు, బుగ్గలు నిండాయి. నేను ఆయన చొక్కాలో మొహం పెట్టాను. పాత వాసన లేదు. అట్ట వాసన, సబ్బు వాసన. నాకు ఎందుకో కొత్త చుట్టం దగ్గర నిలబడ్డట్టు సిగ్గేసింది.

ఆయన గది చేపలు పట్టేవాళ్ల వాడలో ఉంది. వీధి పొడుగునా తాళ్లు కట్టి చేపలు ఆరేశారు. "మనం బట్టలు ఆరేసుకున్నట్టు" అని నానమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది, కాని ఎండు చేపలంటే ఆమెకు ప్రాణం. సాయంత్రానికి ఇంటావిడ ఒక గంపెడు ఇచ్చింది. నానమ్మ చింతపండు పులుసు, మిరపకాయలు వేసి వండి ఒక గిన్నె ఆమెకు పంపింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ గడప మీద కూర్చొని గంటసేపు మాట్లాడుకున్నారు. "ఏమన్నదే?" అని అమ్మ అడిగితే, "ఆమెకు మోకాళ్ల నొప్పులట" అంది నానమ్మ.

వాడ పక్కనే ఒక నది సముద్రంలో కలుస్తుంది, దాని అవతలి ఒడ్డున కోట. నాయిన వారపు సెలవు రోజు మమ్మల్ని తీసుకుపోయాడు. నేను కోట అంటే గుట్ట మీద కూలిపోయిన గోడలనుకున్నాను. ఇది ఊరికి ఊరే. చుట్టూ ఎత్తయిన నల్లటి గోడ, గోడ కింద గడ్డి మొలిచిన కందకం, లోపలికి పోవడానికి బండ్లు పట్టేంత గుమ్మం. లోపల చెట్ల నీడన ఆఫీసులు, చర్చీలు, ఇళ్లు, సైకిళ్లు, ఆరేసిన దుప్పట్లు. గోడ రాళ్లు సముద్రపు గాలికి తేనెపట్టులాగా గుంటలు పడ్డాయి. ఎవరూ చూడటం లేదనుకొని నేను గోడను నాకాను.

"ఏమున్నది రుచి?" వెనక నుంచి నానమ్మ.

"ఉప్పగ ఉన్నది."

"అయితే ఒక రాయి కొంటవోదాం. పెరుగన్నంల ఏస్కుందాం."

అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. నానమ్మ గోడను కిందినుంచి పైదాకా చూసింది.

"ఇంత గోడ ఎందుకు కట్టుకున్నరురా?"

"సముద్రం మీదికెళ్లి శత్రువులు రాకుండ" అన్నాడు నాయిన.

"రాలేదా మరి?"

"రాకుండ ఉంటరా. వచ్చే ఉంటరు."

"గంత గోడ గిట్ల నిలవడి సూసిందన్నట్టు. మన పొలి బియ్యమే నయం. పిట్టలు తిన్నా పనిచేస్తది."

గోడ మీదికి ఎక్కడానికి లోపలి వైపు రాతి మెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టు మోకాలెత్తు. నాయిన నన్ను వీపున ఎక్కించుకొని ముందు పోయాడు. నానమ్మ, అమ్మ గోడ పట్టుకొని మెల్లగా వచ్చారు. పైన గాలి కొట్టిన దెబ్బకు నా జడ రిబ్బన్ ఊడి ఎగిరిపోయింది. ఎదురుగా సముద్రం. దాన్ని మొదటిసారి చూసినందుకు నేను ఏదో పెద్ద మాట అనాలనుకున్నాను. చెరువైతే అవతలి గట్టు ఉంటుంది, దీనికి లేదు. అంతే తోచింది.

నానమ్మ సముద్రాన్ని చూడటం లేదు. నాయిన వైపు చూస్తోంది. ఆయన నన్ను దింపి, గోడ అంచున మోచేతులు ఆనించి, ఏదో పడవ పేరు చదువుతున్నాడు.

"కొడకా, నా సంచి కింద మర్సిపోయిన. జెర తెచ్చిపెట్టు."

ఎప్పుడూ నడుముకు ఉండే సంచి, ఆ రోజు విప్పి పెట్టినట్టుంది, గుమ్మం దగ్గరి అరుగు మీద ఉంది. ఆయన దిగి, తీసుకొని, మళ్లీ ఎక్కి వచ్చాడు. నానమ్మ సంచి తెరిచి చూసి, "నీళ్ల సీసా ఏదిరా? దాన్ని కూడ అక్కడనే పెట్టిన" అంది.

"ఒక్కసారి చెప్పరాదా అత్తా? ఆయన ఏమన్నా లిఫ్టా?" అంది అమ్మ.

"పోనియ్యి" అని నాయిన మళ్లీ దిగాడు. ఈసారి పరుగున ఎక్కి వచ్చాడు. సీసా అందించి, "ఇగ ఏమన్నా ఉన్నదా, సముద్రం ఇటు జరపాల్నా?" అని నవ్వాడు. ఆ నవ్వు చివర ఏమీ లేదు. లక్డారంలో ఆయన నవ్వితే చివర దగ్గు ఉండేది. అది నేను అప్పుడు గమనించలేదు. నానమ్మ సీసా మూత తియ్యకుండా పట్టుకొని కూర్చుంది. ఆమెకు దాహం వేసి కాదని నాకు తర్వాత అర్థమైంది.

కొంతసేపటికి తిరిగి వచ్చే మాట నాయినే ఎత్తాడు. "ఈ నెలాఖరుకు పని ఇడిసి వస్త అమ్మా. మన దిక్కు ఏదో ఒక రియాక్టర్ పని దొరక్కపోదు. నువ్వు ఇంత దూరం వచ్చినంక ఇంకేమున్నది."

అమ్మ మొహం వెలిగింది. నానమ్మ మాత్రం, "సూద్దాం పా" అని లేచింది.

దిగి వస్తుంటే, లోపలి కూడలిలో అది కనిపించింది. నాలుగు దారులు కలిసే చోట, భూమిలో సగం పాతిన నల్లటి మొండెం. నడుమెత్తు ఉంటుంది, పైన గుండ్రం. నానమ్మ చెప్పులు విడిచింది.

"ఈల్ల బొడ్రాయి ఇదే."

"అది ఫిరంగే అమ్మా. పాతబడిందని తలకిందులుగ పాతిండ్రు, బండ్లు గోడకు గుద్దకుండ" అన్నాడు నాయిన.

"ఫిరంగి అయితే ఏంది? ఊరి నడుమ నాటిండ్రా లేదా? కొబ్బరికాయ తేపో. నువ్వు కూడ పోయే కోడలా, వానికి మంచి కాయ తెల్వదు."

వాళ్లు పోతుంటే ఎదురుగా అక్కడి కాపలా మనిషి వచ్చాడు. నానమ్మ అప్పటికే రేకు డబ్బా తీసి ఫిరంగికి పసుపు రాస్తోంది. "మాజీ, యే తోప్ హై" అన్నాడు, అమ్మా ఇది ఫిరంగి అని, మర్యాదగానే.

నానమ్మకు పక్కింటి ఖాలా పుణ్యమా అని ఆ భాష వచ్చు. "తోప్ హై తో హోన్ దే బేటా. ఖడా తో హై నా" అంది, ఫిరంగైతే కానియ్యి, నిలబడి ఉంది కదా అని.

అతను తల గోక్కొని, నీళ్లతో కడిగిపొమ్మని చెప్పి నీడకు పోయాడు. నేనూ, నానమ్మా మిగిలాం. ఎండకు ఇనుము కాలుతోంది. ఆమె సీసాలో నీళ్లు దాని మీద పోసింది. పసుపు కారి రాళ్ల సందుల్లోకి పోయింది. కుంకుమ బొట్టు పెట్టి, చేతులు జోడించకుండా, రెండు అరచేతులూ దాని మీద ఆనించి, పక్కింటి పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అయ్యా, నీ పేరు నాకు తెల్వదు. మా ఊరు కట్టు వేసుకున్ననాడు నా కొడుకు బయట పడ్డడు. తోల్కపోదామనే వచ్చిన, అబద్ధమెందుకు. ఇగో, మా మట్టి కూడ తెచ్చిన."

కొంగు ముడి విప్పింది. లక్డారం మట్టి, అంత దూరం వచ్చి ఎండి పొడి అయింది.

"కని ఈడ వానికి ఊపిరి ఆడుతున్నది. మల్ల మల్ల ఎక్కిపిచ్చి సూసిన. ఒక్కసారన్న దగ్గలేదు. మా దిక్కు వస్తే మల్ల ఆ పనికే పోతడు, వానికి ఇంకోటి రాదు. నీ కట్టు లోపల పెట్టుకో. ఇది వాని ఊరి మట్టి, నీ కాడ పెడుతున్న. నేను వచ్చి అడిగినా ఇడువకు."

మట్టి అంతా ఫిరంగి మొదట్లో పోసి, తడి పసుపుతో కలిపి మెత్తింది. ఒక్క చిటికెడు కూడా కొంగున ఉంచుకోలేదు. తర్వాత నా వైపు తిరిగింది. ఏడవడం లేదు. మొహం చెమట పట్టి ఉంది.

"మీ నాయినకు చెప్పకు బిడ్డా. నేను ఇడిసిన్నని తెలిస్తే ఈ పూటనే ఉరికొస్తడు. మీ అమ్మకు కూడ చెప్పకు. నీ కడుపుల పెట్టుకుంటవా?"

తల ఊపాను. అంతమందిలో ఆ మాట మోయడానికి నన్ను ఎంచుకున్నది, నేను మాట్లాడని పిల్లనని కావచ్చు. మాటలు రానందుకు నన్ను ఎవరైనా నమ్మింది అప్పుడే.

నాయిన, అమ్మ లేత బోండం పట్టుకొచ్చారు. ముదురు కాయ దొరకలేదట. నానమ్మ దాన్ని ఫిరంగికి కొట్టింది. పగల్లేదు. ఇంకోసారి కొట్టింది, దొర్లిపోయి కాపలా మనిషి కాళ్ల దగ్గర ఆగింది. అతనే కత్తి అడిగి తెచ్చి కోసి ఇచ్చాడు. సగం నీళ్లు ఫిరంగికి, సగం నాకు. అటుగా పోతున్న ఒక చేపల ఆవిడ ఏమిటని అడగకుండానే బుట్ట దింపి దండం పెట్టి పోయింది.

"ఏమన్నడు మీ దేవుడు?" అన్నాడు నాయిన.

"అడిగిన. వెంటనే ఇడుస్తరా ఎవలైనా? నువ్వు తొందరపడి పని ఇడువకు. ఆయన ఇడిసిననాడు నీ కాళ్లే నిన్ను తోల్కొస్తయి. అప్పుడు రా."

"మట్టి పెట్టవా అత్తా ఆయన నొసట?" అంది అమ్మ.

నానమ్మ కొంగు విదిలించి చూపించింది. "మెట్లెక్కంగ ఏడనో ముడి ఊడినట్టున్నది."

అమ్మ వెలిగిన మొహం ఆరిపోయింది. తిరుగు రైల్లో ఆమె కిటికీ వైపే కూర్చుంది. నానమ్మ ఆమెకు రొట్టె మీద కారం రాసి ఇచ్చింది, ఆమె తీసుకోలేదు. నానమ్మ ఆ రొట్టెను ఒళ్లో పెట్టుకొని చాలా దూరం అలాగే వచ్చింది.

నాయిన అక్కడే ఉండిపోయాడు. నెలాఖరు పోయింది, సంవత్సరాలు పోయాయి. అమ్మ కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు ఇక్కడ ఉండేది. నేను బడి కోసం నానమ్మ దగ్గర. పండుగలకు మేనత్తలు వచ్చినప్పుడల్లా ఆ ముచ్చట లేచేది. "మా అత్త పోయి ఫిరంగికి మొక్కింది, దానికి తెలుగు రాదాయె" అని అమ్మ. "మట్టేమో సముద్రం పాలాయె" అని ఒక మేనత్త. "పెద్దదైంది, పాపం ఏం తెలుస్తది" అని ఇంకో మేనత్త. నానమ్మ వక్క నములుతూ వినేది. ఒక్కోసారి నా వైపు చూసి కన్ను మూసి తెరిచేది. నేను పుస్తకంలో మొహం దాచుకునేదాన్ని.

కాని సాయంత్రం, పాత షిఫ్టు బస్సు వచ్చే వేళకు, ఆమె ఏ పని ఉన్నా వదిలి సందు మలుపుదాకా పోయి వచ్చేది. ఎందుకు పోయావని నేను ఎప్పుడూ అడగలేదు. వచ్చాక పెనం మీద ఒక రొట్టె ఎక్కువ వేసేది. అది నేను తినేదాన్ని.

ఇప్పుడు ఆ చేలలో గోదాములు వచ్చాయి. మా జొన్న చేను చుట్టూ ఎవరో ప్లాట్లకని సిమెంటు గోడ కట్టారు. సాయంత్రం వచ్చే వాసనను బట్టి పందేలు వేసే పిల్లలు లేరు. ఏ గాలికి ఏ వాసనో చెప్పగలిగినవాళ్లం కొందరం మిగిలాం, అది ఎవరికీ పనికిరాని చదువు. కల్వర్టును వెడల్పు చేశారు. బియ్యం గింజలు పడిన చోట ఇప్పుడు లారీలు ఆగుతాయి. కంటికి కనబడని ఆ గోడ మా నాయినను ఒక రాత్రి బయట ఉంచింది, కనబడే గోడ ఒకటి ఇన్నేళ్లు కాపాడింది. రెండింటికీ మధ్య తిరిగి బేరం కుదిర్చినది చదువు రాని ఒక పొట్టి మనిషి. డైరీలో ఇన్ని మాటలు రాసుకునే నాకు, అంత చిన్న మాటతో ఒక మనిషిని వదులుకోవడం ఎట్లాగో ఇప్పటికీ తెలియదు.

నానమ్మ చివరి రోజుల్లో చూపు పోయింది. మంచం మీద నుంచి లేవడం లేదు. నాయినకు ఫోన్ చేశాం. ఆయన వచ్చిన పొద్దున సందులో పైపుల కోసం తవ్వి ఉంది, ఆటో మలుపులోనే ఆగిపోయింది. నేను తడిబట్టతో ఆమె పెదవులు తుడుస్తున్నాను. ఆటో చప్పుడుకే ఆమె మొహం అటు తిరిగింది. గబగబా చెప్పుల చప్పుడు. మలుపు దాటింది. కరెంటు స్తంభం దాటింది. ఆగకుండా మెట్లెక్కింది. నానమ్మ ఊపిరి బిగబట్టి వింటోంది. నాయిన గడపలో చెప్పులు విడుస్తుండగా ఆమె నా చెయ్యి పట్టుకొని, నాకొక్కదానికే వినబడేట్టు అంది:

"ఇన్నవా బిడ్డా? దగ్గుతలేడు."